పెరట్లో వాక్కాయ పొద

పిల్లలూ,

మొన్న ఫోన్లో బ్లూబెర్రీ మొక్క కొనిపెట్టు అమ్మమ్మా అని అడిగారు కదా, అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నా. దానికి ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి, చలికాలంలో గట్టి చలి కావాలి, రెండేళ్ల కిందట నేనూ ఒకటి తెప్పించి ఎంత సాకినా ఏప్రిల్ ఎండలకి మాడిపోయింది, చాలా బాధేసింది. అందుకే మీ కోసం వాక్కాయ మొక్క పెంచుతున్నా.

ఇదీ బెర్రీయేరా! బేకరీలో కేకు మీద ఎర్రగా చెర్రీ అని పెడతారే, అది చాలాసార్లు రంగేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే.

మా చిన్నప్పుడు చేను గట్టు మీద కంచెగా వేసేవాళ్లు, జంట ముళ్లుంటాయి కాబట్టి మేకలు దూరేవి కావు. పూత ఫిబ్రవరి, మార్చిల్లో, తెల్లగా ఐదు రేకులతో అచ్చం మల్లెపూల వాసన. కాయలు వానాకాలంలో, ముందు తెలుపు మీద గులాబీ రంగు, తర్వాత ఎరుపు, మాగితే నల్లగా అవుతాయి. పచ్చి కాయ తుంచగానే తొడిమ దగ్గర పాలచుక్క ఊరి వేళ్లకి జిగురుగా పట్టేస్తుంది, అందుకే చేతికి కాస్త నూనె రాసుకుని, కాయని రెండు చెక్కలు చేసి గింజలు తీసేసి పప్పులో వెయ్యాలి, ఇక చింతపండు అక్కర్లేదు.

నల్లగా మాగిన పండు గింజలు కడిగి వెంటనే నాటెయ్యాలి, వచ్చే ఏడు వేద్దాంలే అని దాస్తే మొలవవు. మీ ఇంటి వెనక బాగా ఎండ తగిలేచోట అడుగున్నర గొయ్యి తీసి పశువుల ఎరువు కలపమని నాన్నకి చెప్పండి, నీళ్లు మాత్రం నిలవకూడదు, వేరు కుళ్లిపోతుంది. మొదటి వేసవి దాటేదాకా నీళ్లు పొయ్యండి, తర్వాత అదే బతుకుతుంది. కాపు మాత్రం మూడో ఏడుకి గానీ రాదు.

అన్నాళ్లు ఆగలేమంటారా, పక్కనే మల్బరీ పెట్టండి. జానెడు కొమ్మ, మూడు నాలుగు కణుపులుండాలి, సగం మట్టిలో గుచ్చితే చాలు. నిలదొక్కుకున్నాక కొసలు కత్తిరించి ఆకులు దూసేస్తే కొత్త చిగురుతో పాటే కాయలొస్తాయి, తిన్నాక వేళ్లన్నీ ఊదా రంగే.

ఆగస్టులో వేసిన వాక్కాయ గింజల్లో ఐదు మొలిచాయి, ఒకటి నిన్నటికి నాలుగాకులేసింది. దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్దురు, ముళ్లు ఇంకా రాలేదు, ఒళ్లో పెట్టుకునే తీసుకెళ్లొచ్చు.

మీ అమ్మమ్మ