పోసేకొద్దీ తరిగే పొర

గాలియం 29.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే లోహం. మే నెలలో విజయవాడలో బల్ల మీద పెడితే ఫ్యాను తిరుగుతున్నా ద్రవంగానే ఉంటుంది, పాదరసం చుక్కలా. గాలి తగలగానే దాని మీద పాల మీద మీగడలా సన్నటి ఆక్సైడ్ చర్మం కడుతుంది. పుల్లతో కదిపితే ముడతలు పడేది ఆ చర్మమే. ఖర్చు లేదు, శ్రమ లేదు. అదే గాలియం ఆక్సైడ్ పొర కోసం బెర్లిన్‌లో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో, జపాన్‌లో కోట్ల విలువైన యంత్రాలు పెట్టుకుని ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నారు.

తేడా అమరికలో ఉంది. చుక్క మీద కట్టే చర్మంలో పరమాణువులు సంతలో జనంలా ఎటుపడితే అటు ఉంటాయి. సెమీకండక్టర్‌గా పనికి రావాలంటే అవి వరస తప్పకుండా కూర్చోవాలి, అంటే స్ఫటికం కావాలి. అలా కూర్చున్న గాలియం ఆక్సైడ్‌కు ఒక గొప్ప గుణం ఉంది. సిలికాన్ సెంటీమీటరుకు సుమారు 3 లక్షల వోల్టుల దగ్గర చేతులెత్తేస్తుంది. ఇది 80 లక్షల దాకా తట్టుకోగలదని లెక్క. కరెంటు కార్ల ఛార్జర్లలో, గ్రిడ్ పరికరాల్లో వాడే స్విచ్‌లకు ఇది ఎంతో ఊరించే అంకె. పైగా దాదాపు 1,800 డిగ్రీల దగ్గర కరిగించి, ఆ కరిగిన ముద్ద నుంచే పెద్ద స్ఫటికాన్ని లాగవచ్చు. దీనికి పోటీదారులైన సిలికాన్ కార్బైడ్‌కు, గాలియం నైట్రైడ్‌కు ఆ వెసులుబాటు లేదు. 2012లో జపాన్ జాతీయ పరిశోధన సంస్థ ఎన్ఐసీటీలో హిగాషివాకి బృందం దీనితో ట్రాన్సిస్టర్ చేసి చూపించాక అందరి చూపూ ఇటు మళ్ళింది.

పెద్ద స్ఫటికం కోసి పలకలు చేశాక మళ్ళీ దాని మీద పొర దేనికి? పలక కేవలం నేల. కరెంటు నడిచేది పైనున్న కొన్ని వందల నానోమీటర్లలోనే. మన వెంట్రుక మందం లక్ష నానోమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది కాబట్టి, ఆ పొర ఎంత పలచనో ఊహించుకోవచ్చు. ఆ కాస్త మేరలో కరెంటు నడవడానికి సిలికాన్ లేదా తగరం పరమాణువులు ఎన్ని కలపాలి అన్నది మన చేతిలో ఉండాలి. అందుకే పొరను విడిగా పెంచుతారు.

గాలి తోడేసిన స్టీలు గదిలో పలకను ఆరేడు వందల డిగ్రీలకు వేడి చేస్తారు. ఒక మూల చిన్న మూసలో గాలియం ఆవిరవుతుంది. ఇంకో వైపు నుంచి ప్లాస్మాగా మార్చిన ఆక్సిజన్ వస్తుంది. రెండూ పలక మీద కలుస్తాయి. కొత్తగా వచ్చిన పరమాణువుకు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది కింది పలకే. చుక్కలు ముందే పెట్టి ఉన్న వాకిట్లో ముగ్గు వేసినట్టు, కింది వరసల్ని బట్టి పై వరసలు వస్తాయి. దీన్నే ఎపిటాక్సీ అంటారు. చుక్కలు కుదరకపోతే ముగ్గు కూడా కుదరదు. చవకగా దొరుకుతుందని నీలం రాయి (సఫైర్), అంటే అల్యూమినియం ఆక్సైడ్, పలక మీద ఈ పొరను పెంచితే అదే జరుగుతుంది. నీలం ముఖానికి ఉన్న సౌష్ఠవం వేరు, గాలియం ఆక్సైడ్‌ది వేరు. ఎటు తిరిగి కూర్చోవాలో తేలక పొర వేర్వేరు దిక్కులకు తిరిగిన ముక్కలుగా పెరుగుతుంది. ముక్కల మధ్య సరిహద్దుల్లో ఎలక్ట్రాన్లు తట్టుకుని నిలిచిపోతాయి.

ఈ పొర కంటికి కనబడదు, అద్దంలా పారదర్శకం. మరి పెరుగుతోందని ఎలా తెలుస్తుంది? ఎలక్ట్రాన్ల పుంజాన్ని పలక మీదకు ఒకటి రెండు డిగ్రీల వాలుతో, దాదాపు రాసుకుంటూ పోయేలా వదులుతారు. అది పరావర్తనం చెంది అవతలి తెర మీద చుక్కలుగా మెరుస్తుంది. ఒక వరస నిండితే ఉపరితలం నునుపు, చుక్క వెలుగుతుంది. సగమే నిండితే గరుకు, చుక్క మసకబారుతుంది. అన్నీ అనుకూలిస్తే చుక్క ఒకసారి వెలిగి ఆరిందంటే ఒక వరస పూర్తయినట్టు. కోటానుకోట్ల పరమాణువులు కలిసి కట్టిన వరసను ఒక చుక్క మినుకుతో లెక్కపెట్టడం నాకు ఇప్పటికీ గారడీలాగే అనిపిస్తుంది. గది నుంచి తీశాక ఎక్స్-రే పరీక్ష. తడి రోడ్డు మీద నూనె తెట్టె రంగులు చూపినట్టు, పొర పైఅంచు నుంచి, కింది అంచు నుంచి వచ్చిన కిరణాలు కలిసి చారలు వేస్తాయి. ఆ చారల ఎడాన్ని బట్టి మందం లెక్కగడతారు.

అసలు చిక్కు ఇప్పుడు. గాలియం ఆర్సెనైడ్ అనే మరో సెమీకండక్టర్ పొరలు పెంచి చేయి తిరిగినవాళ్ళకు ఒక సూత్రం అలవాటు: గాలియం ఎక్కువ పంపితే పొర వేగంగా పెరుగుతుంది. ఇక్కడ ఒక హద్దు దాకా అలాగే పెరుగుతుంది. ఆ తర్వాత గాలియం పెంచేకొద్దీ వేగం తగ్గుతుంది. ఇంకా పెంచితే ఎదుగుదల పూర్తిగా ఆగిపోతుంది.

కారణాన్ని బెర్లిన్‌లోని పాల్ డ్రూడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు విడమరిచారు. ఆక్సైడ్ ఒకే అంగలో తయారవదు. మొదట రెండు గాలియం పరమాణువులు ఒక్క ఆక్సిజన్‌తో జట్టు కడతాయి. అదొక అసంపూర్ణ ఆక్సైడ్. దానికి ఇంకో రెండు ఆక్సిజన్లు దొరికితేనే పొరలో స్థిరపడుతుంది. దొరకకపోతే ఆ వేడికి ఆవిరై ఎగిరిపోతుంది. గాలియం ఎక్కువైతే ఆక్సిజన్ అంతా మొదటి అంగకే ఖర్చవుతుంది. అప్పుడు అన్నీ ఎగిరిపోయేవే, నిలిచేవి ఉండవు. ఆక్సిజన్ ఆపేసి గాలియం ఒక్కటే పంపితే మరీ విడ్డూరం. అది అప్పటికే కట్టిన పొరలోని ఆక్సిజన్‌ను లాక్కుని, రెండూ కలిసి వెళ్ళిపోతాయి. పోసే నీళ్ళే కుండకు చిల్లి పెడుతున్నాయన్నమాట.

దీనికి దొరికిన మందుల్లో నాకు బాగా నచ్చింది ఇండియం అనే మరో లోహం. 2017లో అదే బెర్లిన్ బృందం గాలియంతో పాటు ఇండియం కూడా పంపింది. ఇండియం ఆక్సిజన్‌ను చురుగ్గా పట్టుకుంటుంది. కానీ ఆక్సిజన్‌తో గాలియం బంధం ఇంకా గట్టిది. అందుకని గాలియం వచ్చి ఆ ఆక్సిజన్‌ను గుంజుకుంటుంది, ఇండియం మళ్ళీ ఖాళీ చేతులతో కొత్త ఆక్సిజన్ కోసం వెతుక్కుంటుంది. వడ్డించేవాడు విస్తరి ముందు కూర్చోనట్టు, ఇండియం చాలావరకు పొరలో మిగలదు. కార్నెల్ వాళ్ళ దారి ఇంకా సూటిది. గాలియాన్ని, గాలియం ఆక్సైడ్‌ను ముందే మూసలో కలిపి వేడి చేసి, ఆ అసంపూర్ణ ఆక్సైడ్‌నే ఆవిరిగా పంపారు. మొదటి అంగ మూసలోనే అయిపోయింది కనుక పలక మీద రెండోది ఒక్కటే మిగులుతుంది. గంటకు మైక్రోమీటరు దాటి పొర పెరిగింది.

పొరను గాలియం తినేసే గుణాన్ని కూడా పరిశోధకులు వదల్లేదు. పొర మొదలుపెట్టే ముందు పలక మీదకు గాలియం మాత్రమే పంపితే, మురికి పట్టిన పైవరసలు దానితో పాటే లేచిపోతాయి. ఆసిడ్ అక్కర్లేదు, పలకను బయటకు తీయక్కర్లేదు.

ఇన్ని తిప్పలూ పడి పొర చక్కగా వచ్చినా వేడి సమస్య అలాగే ఉంది. ఈ ఆక్సైడ్‌లో వేడి పాకే తీరు సిలికాన్‌లో అయిదో వంతు కూడా ఉండదు. స్విచ్‌లో పుట్టిన వేడి అక్కడే చిక్కుకుంటుంది. అందుకే ఇప్పుడు కొందరు పలుచటి స్ఫటికపు పొరను సొంత పలక నుంచి ఊడదీసి, వేడిని బాగా లాగే సిలికాన్ కార్బైడ్ మీద అతికిస్తున్నారు.