శుక్రుడండీ అంటే కోప్పడతారేంటి? యూఎఫ్‌ఓల మీద అపోహలు - వాస్తవాలు

టెలిస్కోప్ పట్టుకుని స్కూళ్ళ చుట్టూ తిరిగి పిల్లలకి ఆకాశం చూపించడం నా పని. పడమట శుక్రుడు మెరవడం మొదలైతే చాలు, అదిగో యూఎఫ్‌ఓ, అంటే ఏంటో తెలియని ఎగిరే వస్తువు అంటూ నా వాట్సాప్ నిండా వణికే వీడియోలే. శుక్రుడండీ అంటే "మీరూ గవర్నమెంట్ పాటే పాడతారా" అని నా మీదే ఎగురుతారు.

అపోహ: ఎంక్వైరీ చేసి "గ్రహం" అని తేల్చారంటే ఏదో దాస్తున్నట్టే, గ్రహాన్ని చూసి ఎవడు పొరబడతాడు?

బోర్డర్‌లో కాపలా కాసే సైనికులే పొరబడ్డారండీ. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు వైపు మన ఆర్మీవాళ్ళు 329 సార్లు వింత వెలుగులు చూశామని నమోదు చేశారు, చైనా డ్రోన్లేమో అని అనుమానం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు ఆ వెలుగు ఏ టైముకి ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉందో లెక్కేస్తే ఒకటి గురుడు, రెండోది శుక్రుడు. ఆ డిసెంబర్లో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురున ఉన్నాడు, అంటే పొద్దుగూకగానే తూర్పున లేచి తెల్లవార్లూ ఉంటాడు, ఆయన దిగేవేళకి శుక్రుడు లేస్తాడు. నవ్వకండి, అవతల చైనా ఉన్నప్పుడు ప్రతి వెలుగునీ రాసుకోవడమే వాళ్ళ డ్యూటీ.

"మరి కదిలింది కదా?" చీకట్లో ఒంటరి వెలుగుని గుచ్చి చూస్తే కదలనిది కూడా కదిలినట్టే ఉంటుంది, అది కంటి తీరు. ఒకావిడ ఫోన్ చేసి, వెలుగొకటి మా ఇంటి మీదే నిలబడుతోందండీ, పిల్లలు డాబా ఎక్కట్లేదు అని ఏడుపు గొంతుతో చెప్పింది. భయపడకమ్మా, ట్యాంకు పైపు అంచుకి ఆ వెలుగుని ఆనించినట్టు నిలబడి చూడు, అరగంటాగి మళ్ళీ అక్కడే నిలబడు అన్నా. పడమటికి దిగిందండీ, పక్క చుక్కలు కూడా దిగాయి అంది. చుక్కలతో పాటే దిగిందంటే అదీ ఆకాశంలో గ్రహమే, అంతే కదా మరి!

మిగతావి గబగబా. 1947లో అమెరికాలోని రోజ్‌వెల్ దగ్గర ఏలియన్ల పళ్ళెం కూలితే దాచేశారంటారు. దాచిన మాట నిజమే, కానీ దాచింది సోవియట్ అణుపరీక్షల శబ్దం పసిగట్టే మోగల్ అనే రహస్య ప్రాజెక్టు బెలూన్ల సంగతి, 1994లో అమెరికా ఎయిర్‌ఫోర్సే చెప్పింది. అదే ఎయిర్‌ఫోర్స్ యూఎఫ్‌ఓల మీద చేసిన బ్లూ బుక్ అనే ఎంక్వైరీలో 12,618 కేసులకి 701 తేలలేదు. తేలలేదంటే తేలలేదనే, ఏలియన్లని తేలినట్టు కాదు. రైలు బోగీల్లా వరసగా పోయే దీపాలు స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు, వదిలేయండి.

మన దగ్గర ఇంకోటుంది, టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) హైదరాబాద్ నుంచి పరికరాలు కట్టి వదిలే బెలూన్లు. ముప్పై కిలోమీటర్ల పైన ఉంటాయి కాబట్టి ఇక్కడ చీకటి పడ్డా వాటి మీద ఎండ పడి మెరుస్తాయి. 2022 డిసెంబర్లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఇలా పైకి పంపిన క్యాప్సూల్ ఒకటి పొలాల్లో దిగితే జనం జాతరలా చేరారు. పారాచూట్‌తో అలాంటి పెట్టె మీ చేలో పడితే విప్పకండి బాబూ, లోపల ఉన్నది ఖరీదైన పరికరాలు, వాటిలోని డేటా పోతే మళ్ళీ రాదు. పెట్టె మీద అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి, లేదా పోలీసులకి చెప్పండి, టీఐఎఫ్ఆర్ వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు.