ఐక్యూ అంకె ఒక్కటే చాలదు

చదువులో వెనకబడ్డ పిల్లల్ని సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లే ముందు చెవులు, కళ్లు చూపించాలి. నడిమి చెవిలో నీరు చేరి వినికిడి కాస్త తగ్గినా టీచరుకు అది అశ్రద్ధలాగే కనిపిస్తుంది. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయే పిల్లలకు మూర్ఛ ఉందేమో కూడా చూడాలి.

ఆ తర్వాత సైకాలజిస్టు తల్లితో తీరిగ్గా మాట్లాడాలి. కాన్పు ఎలా జరిగింది, బిడ్డ వెంటనే ఏడ్చిందా, తొలి మాటలు ఎప్పుడు వచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటుంది? బడి నోట్‌బుక్కులూ తీసుకెళ్లండి. ‘పుస్తకం’లో ఒత్తు ఎగిరిపోయి ‘పుసకం’ అయిందా, లెక్క తెలిసినా ప్రశ్న చదవలేకపోయిందా అన్నది వాటిలోనే దొరుకుతుంది.

హైదరాబాద్‌లో ఐక్యూ పరీక్షకు, అంటే తెలివితేటల్ని అంకెలో కొలిచే పరీక్షకు, పెద్ద చిక్కు భాష. ఇంట్లో తెలుగో ఉర్దూనో, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్. అంకెలు గుర్తుపెట్టుకునే ఉపపరీక్షనే చూడండి. పరీక్షకుడు సెకనుకు ఒక అంకె చొప్పున, ఒకే స్వరంతో చదవాలి. జంటలుగా కలిపి చదివితే పని తేలికైపోతుంది. ‘ఏడు, మూడు, తొమ్మిది’ అనగానే, అంకెలు ఇంగ్లిష్‌లోనే నేర్చుకున్న పిల్ల ముందు వాటిని మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటుంది, ఈలోగా తర్వాతి అంకె జారిపోతుంది. రిపోర్టులో మాత్రం జ్ఞాపకశక్తి తక్కువని పడుతుంది. అందుకే ఏ భాషలో పరీక్ష చేశారో రాయని రిపోర్టును నేను నమ్మను.

మన దగ్గర ఇప్పటికీ వాడే మాలిన్ స్కేల్ అనే పిల్లల ఐక్యూ పరీక్ష 1969 నాటిది. తరం మారేకొద్దీ పిల్లల సగటు స్కోరు పెరుగుతూ వచ్చింది కాబట్టి, పాత ప్రమాణాలతో కొలిస్తే స్కోరు కాస్త ఎక్కువగా రావచ్చు. పైగా ఏ స్కోరుకైనా అటూ ఇటూ నాలుగైదు పాయింట్ల తేడా ఉంటుంది. సగటు 100; మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. 82 వచ్చిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. మేధో వైకల్యం అనాలంటే స్కోరు దాదాపు 70 లోపు ఉండటంతో పాటు తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్క లాంటి రోజువారీ పనుల్లోనూ వయసుకు తగ్గ నేర్పు లేకపోవాలి.

ఆటిజాన్ని అంచనా వేయడానికి మన దేశంలో వాడే ఐఎస్ఏఏ అనే కొలమానం మన సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం వైపు సూచన. తల్లి చెప్పినదాన్ని బట్టే మార్కులు వేసేస్తే తప్పు పోతుంది, బిడ్డను ఆడించి చూడాలి.

ఏడీహెచ్‌డీకి, అంటే కుదురులేమి, అశ్రద్ధల సమస్యకు, రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. అశ్రద్ధలోనో అతిచురుకుదనంలోనో తొమ్మిది లక్షణాల్లో ఆరైనా ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ట్యూషన్‌లో మాత్రమే కుదురుగా కూర్చోకపోతే ముందు ఆ ట్యూషన్ గురించి ఆలోచించాలి.

ఇంటర్ వయసు పిల్లల్లో డిప్రెషన్ ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడొచ్చు. వాళ్లతో కొంతసేపైనా ఒంటరిగా మాట్లాడాల్సిందే. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం వద్దు, సూటిగా అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

రెండో అభిప్రాయం కావాలనుకుంటే పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. అదే పరీక్షను కొద్ది వారాల్లోనే మళ్లీ పెడితే అలవాటు వల్ల, ముఖ్యంగా బొమ్మలూ దిమ్మెలూ అమర్చే పనుల్లో, మార్కులు పెరుగుతాయి. మొదట ఏది వాడారో తెలిస్తే రెండోవారు వేరే పరీక్ష ఎంచుకుంటారు.