డికాక్షన్ రంగు సెలైన్

ఏడో నెల గర్భిణికి హిమోగ్లోబిన్ 8 ఉందనుకుందాం. ఆసుపత్రిలో ఆమె చేతి నరంలోకి సన్నటి గొట్టం (కాన్యులా) పెట్టి, స్టాండుకి చిన్న సెలైన్ సీసా తగిలిస్తారు. అందులోని ద్రవం పల్చటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది. పక్కన కూర్చున్న అత్తగారు చుట్టాలకి ఫోన్ చేసి, "కోడలికి రక్తం ఎక్కిస్తున్నారు" అని చెప్పేస్తుంది. నిజానికి ఆ సీసాలో రక్తం చుక్క కూడా లేదు. ఉన్నది ఇనుము. చక్కెర తొడుగు తొడిగిన తుప్పు అన్నా పెద్ద తప్పు కాదు.

రక్తం ఎక్కిస్తే అందులోని ఎర్రకణాలు అప్పటికప్పుడే ఆక్సిజన్ మోయడం మొదలుపెడతాయి. ఇనుము ముడిసరుకు మాత్రమే. ఎముక మూలుగ దాన్ని తీసుకుని కణాలు తయారు చెయ్యాలి, దానికి వారాలు పడుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 5 కన్నా కిందికి పడిపోయి, మంచం దిగితే ఆయాసం వచ్చే మనిషికి ఈ సీసాతో పని జరగదు, రక్తమే కావాలి. కానీ ముడిసరుకు లెక్క చూస్తే వ్యవహారం తిరగబడుతుంది. ఒక యూనిట్ రక్తంలో ఉండే ఇనుము 200 నుంచి 250 మిల్లీగ్రాములు. కొత్త రకం ఐరన్ మందు ఒక్క సీసాతో 1000 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది.

మరి మాత్రలు ఉండగా సూది ఎందుకు? సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. సరిగ్గా వాడగలిగితే చాలామందికి అదే చాలు. చిక్కంతా పేగు దగ్గర ఉంది.

మన ఒంట్లో ఉండే మొత్తం ఇనుము 3, 4 గ్రాములే. దాన్ని శరీరం పరమ పిసినారిలా వాడుకుంటుంది. ఎర్రకణం 120 రోజులు బతికి చచ్చిపోతే, ప్లీహంలో, కాలేయంలో ఉండే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగి, ఇనుము తీసి మళ్లీ మూలుగకి పంపుతాయి. ఇలా రోజుకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు తిరిగి వాడకంలోకి వస్తుంది. తిండి నుంచి కొత్తగా వచ్చేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. ఎక్కువైతే బయటికి పంపే దారి మాత్రం లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది, ఇనుము అలా పోదు. కాబట్టి కాపలా అంతా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే.

ఆ కాపలాదారు పేరు హెప్సిడిన్. కాలేయం తయారు చేసే ఈ చిన్న హార్మోన్ సంగతి 2000 తర్వాతే మనకి తెలిసింది. ఒంట్లో ఇనుము పెరగగానే హెప్సిడిన్ పెరిగి, పేగు కణాల నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లే తలుపు మూసేస్తుంది. ఇనుము ఆ కణాల్లోనే చిక్కుకుని, నాలుగు రోజుల్లో అవి రాలిపోయినప్పుడు వాటితోపాటే పోతుంది. వేసుకున్న మాత్ర కూడా కొంతసేపు హెప్సిడిన్‌ని పెంచుతుంది. ఇనుము నిల్వలు తగ్గిన ఆడవాళ్ల మీద స్విట్జర్లాండ్‌లో చేసి 2017లో వెలువరించిన పరిశోధనలో, రోజూ వేసుకున్నప్పటి కన్నా రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు ఎక్కువ ఇనుము ఒంటబట్టింది. (ఇది చదివి గర్భిణులు మాత్రలు సగం చేసుకోవద్దు, డాక్టరు చెప్పిన లెక్కే లెక్క.)

జ్వరం, వాపు ఉన్నా హెప్సిడిన్ పెరుగుతుంది. బాక్టీరియాకీ ఇనుము కావాలి కాబట్టి శత్రువుకి తిండి అందకుండా కొట్టుకి తాళం వేయడం అన్నమాట. కిడ్నీ జబ్బు, కీళ్లవాతం, గుండె బలహీనత ఉన్నవాళ్లలో ఈ తాళం నెలల తరబడి పడే ఉండొచ్చు. వాళ్లు మాత్రలు ఎన్ని మింగినా మిగిలేది నల్లటి విరేచనం, మలబద్ధకం. సీసా ఈ గుమ్మాన్ని తప్పించి పెరటి దారిన వెళ్తుంది. డయాలసిస్ రోగులకి ఐరన్ సూది ద్వారానే ఎక్కువగా ఇవ్వడానికి కారణం ఇదే.

అయితే ఉత్త ఇనుమును రక్తంలో కలిపితే విషం. కణాల పొరల్ని తగలబెట్టినట్టు పాడుచేస్తుంది. అందుకే తొడుగు కావాలి. 1950ల్లో డెక్స్‌ట్రాన్ అనే చక్కెర పదార్థం తొడుగుతో మందు వచ్చింది కానీ, కొందరిలో ప్రాణం మీదకి తెచ్చే ఎలర్జీలు రావడంతో ఐరన్ సూది అంటేనే డాక్టర్లకి టెన్షన్ పట్టుకుంది. ఆ భయం మందు మారినా ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడేవి ఐరన్ సుక్రోజ్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్. చక్కెర తొడుగులోని ఇనుమును అవే మాక్రోఫేజ్‌లు మింగి, పాత ఎర్రకణాన్ని విప్పినట్టే విప్పుతాయి. తొడుగు ఎంత గట్టిదైతే ఒకేసారి అంత ఎక్కువ ఇవ్వొచ్చు.

డోసుకి చిన్న లెక్క ఉంది. బరువుని, పెంచాల్సిన హిమోగ్లోబిన్‌తో, 2.4తో గుణించి, నిల్వ కోసం 500 కలుపుతారు. 50 కిలోల గర్భిణికి 8 నుంచి 11కి తేవాలంటే 860 మిల్లీగ్రాములు. సుక్రోజ్ అయితే సాధారణంగా విడతకి 200, అంటే దాదాపు ఐదుసార్లు ఆసుపత్రికి. కూలికి వెళ్లే మనిషికి ఐదు రోజుల కూలి పోయినట్టే, మూడోసారికే మానేస్తే ఆశ్చర్యం లేదు. కార్బాక్సీమాల్టోజ్ 1000 మిల్లీగ్రాముల వరకు పావుగంటలో ఎక్కించొచ్చు. దానికో మెలిక ఉంది. కొందరిలో రక్తంలోని ఫాస్ఫేట్‌ని తగ్గిస్తుంది, పదేపదే తీసుకుంటే ఎముకల నొప్పులు రావొచ్చు.

ఎక్కిస్తున్నప్పుడు ముఖం ఎర్రబడి ఛాతీ పట్టేసినట్టు ఉంటే, బీపీ పడిపోకపోతే, చాలాసార్లు అది ప్రమాదం కాదు. ఆపితే కాసేపట్లో తగ్గుతుంది. అసలు ఎలర్జీ అరుదు, అయినా వస్తే చూసుకునే ఏర్పాట్లు ఉన్నచోటే ఎక్కించాలి, అరగంట కూర్చోబెట్టాలి. ముందు కొద్దిగా ఇచ్చి చూసే టెస్ట్ డోసుని నమ్ముకోవద్దని యూరప్ మందుల సంస్థ 2013లోనే చెప్పింది. మొదటి మూడు నెలల గర్భిణులకి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకి ఇవ్వరు. సూది నరం తప్పితే చర్మం కింద గోధుమరంగు మచ్చ పడి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, కాబట్టి మండితే వెంటనే నర్సుకి చెప్పాలి.

నాకు నచ్చనిది ఇంకోటి ఉంది. "నీరసంగా ఉంది, ఓ ఐరన్ బాటిల్ పెట్టండి" అని అడిగి ఎక్కించుకోవడం. గుమ్మం దగ్గర కాపలాని తప్పించాం కాబట్టి, అక్కర్లేనిది లోపలికి పోతే బయటికి పంపేవాడు లేడు. హిమోగ్లోబిన్ తగ్గిన ప్రతివాళ్లకీ ఇనుము తక్కువని కాదు. హిమోగ్లోబిన్ తయారీలోనే లోపం తెచ్చే తలసీమియా జన్యువు మోస్తున్నవాళ్లలో నిల్వలు సరిపడా ఉండొచ్చు. ముందు ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించాలి. ఇనుము నిజంగా తక్కువే అయితే ఎక్కడ కారిపోతోందో కూడా వెతకాలి: నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, మొలలు, కొంకి పురుగులు. ఎక్కించిన వారానికే మళ్లీ ఫెర్రిటిన్ చూస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, దానికి అర్థం లేదు. కనీసం నెల ఆగాలి.

ల్యాబ్ కన్నా ముందు కబురు చెప్పేది కొందరికి నోరే. ఇనుము తగ్గిన ఆడవాళ్లలో కొందరు చాటుగా బలపాలు, పచ్చి బియ్యం, మట్టి, ఐసు ముక్కలు తింటుంటారు. ఇంట్లోవాళ్లు తిడతారు, అది మానుకోలేని అలవాటు అనుకుంటారు. సీసా ఎక్కాక, హిమోగ్లోబిన్ ఇంకా పెద్దగా కదలకముందే, కొందరిలో ఆ కోరిక దానంతటదే పోతుంది. బియ్యం డబ్బా దగ్గరికి చెయ్యి వెళ్లడం లేదని వాళ్లే ఓ రోజు గమనిస్తారు.