నొప్పి లేదు కదా, పొద్దున చూద్దాంలే: ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ఈ మాట అనకండి

మొన్న ఒకమ్మ ఫోన్ చేసింది. కూతురు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) స్పెషల్ క్యాంపుకి పేరిచ్చిందట. "సార్, ఆ ఊళ్ళో మనకెవరూ తెలీదు. పాములు తిరుగుతాయంట. దగ్గర్లో పసరు పోసేవాళ్ళున్నారా, కనుక్కున్నారా?" అంది. ఆమె భయం న్యాయమైందే. ఏడు రోజులు, ముక్కూమొహం తెలియని ఊరు, బడి వరండాలో పడక. ఏ తల్లికైనా గుబులుగానే ఉంటుంది. నన్ను కలవరపెట్టింది ఆమె భయం కాదు, ఆమె కనుక్కోమన్న మనిషి. తిరుపతిలో ప్రోగ్రాం ఆఫీసర్‌గా పిల్లల్ని ఊళ్ళకు తీసుకుపోతున్న ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న రాని ఏడాది లేదు.

అపోహ: పాము కరిస్తే నొప్పి, వాపు ఉండి తీరాలి. అవి లేకపోతే విషం ఎక్కనట్టే.

చంద్రగిరి అవతల ఒక పల్లెలో క్యాంపు పెట్టాం. కార్తీకమాసం, వానలు తెరిపిచ్చిన వారం. తెల్లవారుజామున మూడున్నరకి సెకండియర్ కుర్రాడొకడు కడుపునొప్పని లేచాడు. సాయంత్రం అందరూ బజ్జీలు తిన్నారు, గ్యాసేమో అనుకున్నాం. ఎవరో వాము నీళ్ళు కాచి ఇచ్చారు. గ్లాసు నోటికి పెట్టుకున్నాడు గానీ మింగుడు పడక నీళ్ళన్నీ గడ్డం మీదుగా కారిపోయాయి. టార్చి వేసి చూశాను. వెలుతురు మొహాన పడినా రెప్పలు సగానికి మించి లేవడం లేదు. మాట ముద్దగా వస్తోంది. పామేమోనని చాప దులిపితే ఏమీ కనపడలేదు. మోచేతి దగ్గర దోమ కుట్టినంత గుర్తు, అంతే.

"పాము కరిస్తే మంట పుట్టదా సారూ? తెల్లారినాక పక్కూరికి పోయి పసరు పోయిస్తాం" అన్నారు ఊరి పెద్దలు. మన మేలు కోరే మనుషులు, వారం రోజులుగా అన్నం పెడుతున్నవాళ్ళు. వాళ్ళ మాట మీద పావుగంట ఆగాను. ఆగకూడదు. తర్వాత 108కి ఫోన్ చేశాం. తిరుపతి చేరేసరికి వాడికి ఊపిరి అందడం లేదు. మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికి బయటపడ్డాడు.

వాస్తవం: అది కట్లపాము కాటు. నల్లటి ఒంటిమీద సన్నటి తెల్లటి కట్లుంటాయి. రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కరుస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి గాటు కనపడకపోవచ్చు, నొప్పి, వాపు దాదాపు ఉండవు. విషం నరాల మీద పనిచేస్తుంది. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట తడబడటం, ఆ తర్వాత ఊపిరి. కొన్ని గంటల తేడాతో ఇవన్నీ వరసగా వస్తాయి. నేలమీద పడుకుని లేచిన పిల్లవాడికి కారణం లేకుండా రెప్పలు వాలుతుంటే పాము కనపడలేదని ఆగొద్దు. రక్తపింజర సంగతి వేరు. అది కరిస్తే విపరీతమైన నొప్పి, వాపు, రక్తం గడ్డకట్టకపోవడం, కిడ్నీలు దెబ్బతినడం. ఊళ్ళో జనానికి తెలిసిన కాటు అదే. అందుకే అన్ని కాట్లూ అలాగే ఉంటాయనుకుంటారు.

మరి పసరుతో బతికినవాళ్ళో? ఉన్నారు. మనల్ని కరిచే పాముల్లో చాలావరకు విషం లేనివే. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. వాళ్ళు పసరు తాగకపోయినా బతికేవాళ్ళే. చనిపోయినవాళ్ళ లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. పాముకాటుకి మందు యాంటీవీనమ్ (విషానికి విరుగుడు ఇంజెక్షన్) ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే రకం మందు పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి, సంచిలో వేసుకుని ఆసుపత్రికి మోసుకుపోయే పని లేదు. పాములు పట్టేవాళ్ళ విద్య మీద నాకు గౌరవం ఉంది. చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళ తెగవాళ్ళ సహకార సంఘం 1978 నుంచీ ఉంది. ఈ మందు తయారీకి కావలసిన విషాన్ని పామును చంపకుండా తీసి ఇచ్చేది వాళ్ళే. ఆ విద్య గొప్పతనం అక్కడ చూడాలి, పసరులో కాదు.

తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం: ఒక్కటీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. కరిచిన చెయ్యో కాలో విరిగిన ఎముకకి చేసినట్టు కర్రబద్ద ఆనించి కదలకుండా ఉంచండి, మనిషిని నడిపించకండి. అంబులెన్స్ ఆలస్యమైతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోండి.

మిగతావి క్లుప్తంగా. కుక్క గీరితే ఏం కాదంటారు, అబద్ధం. పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగి అదే రోజు టీకా వేయించాలి. కాలు విరిగితే పుత్తూరు కట్టు అని అందరూ అంటారు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే మాత్రం ముందు ఆసుపత్రే. పలమనేరు, కుప్పం వైపు క్యాంపయితే చీకట్లో పొలాల్లోకి పోనివ్వను. ఏనుగుల భయం ఒకటి, అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా లాగే కరెంటు తీగ ఇంకొకటి. ఆ తీగ ఎక్కడుందో ఊరివాళ్ళకు తెలుసు, మన పిల్లలకు తెలీదు.

ఆ తల్లికి చెప్పింది మీకూ చెప్తున్నాను. పిల్ల సంచిలో దోమతెర పెట్టండి. కట్టుకోవడమే కాదు, అంచులు చాప కిందికి దోపుకోవాలి. దోమకీ పాముకీ అడ్డం అదే. మడత మంచం దొరికితే ఇంకా మేలు. బాత్రూంకి లేస్తే టార్చి వేసుకునే అడుగు పెట్టాలి. నేనిప్పుడు క్యాంపు మొదలు కాకముందే పి.హెచ్.సి.కి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పోయి యాంటీవీనమ్ సీసాలు ఎన్నున్నాయో, రాత్రి డ్యూటీలో ఎవరుంటారో, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో అడిగి రాసుకుంటాను. రాత్రిళ్ళు బండి తీయగల ఇద్దరి ఫోన్ నంబర్లు బడి గోడ మీద సుద్దముక్కతో రాస్తాం, చాప మీద పడుకున్నా కనపడేంత పెద్దగా.