పొగబెట్టిన పైపు పొగాకు రుచి పరీక్ష: అపోహలు - వాస్తవాలు

ఆకు గ్రేడింగుతో మొదలుపెట్టి బ్లెండ్ల (వేర్వేరు ఆకుల మిశ్రమాల) పరీక్షకు వచ్చినవాణ్ణి నేను. పైపు పొగాకు మన దగ్గర చాలా తక్కువ మందికి పరిచయం. అందులోనూ లటాకియా అనే పొగబెట్టిన నల్ల ఆకు కలిపి దిమ్మగా నొక్కిన బ్లెండ్ అంటే, "ఆ కట్టెల పొగ వాసన వచ్చేదేనా?" అని అడుగుతారు. ఆ వాసన దగ్గరే ఆగిపోతే అసలు బ్లెండ్‌ను చూడనట్టే. పొగ కింద వర్జీనియా తీపి ఉందా, ఓరియెంటల్ అనే చిన్నాకు రకం పులుపు తగులుతోందా, అవి పైపు అడుగుదాకా నిలిచాయా అన్నదే పరీక్ష. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ల నోట, కొనేవాళ్ల నోట నేను తరచూ వినే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆ పొగ వాసన పైన చల్లిన ఎసెన్సు.

వాస్తవం: మంచి బ్లెండ్‌లో ఆ వాసన ఆకుదే. లటాకియా అన్నది సిరియాలో ఒక రేవు పట్నం పేరు. ఇప్పుడు బ్లెండ్లలో వాడేది ఎక్కువగా సైప్రస్ రకం. చిన్నాకు ఓరియెంటల్ పొగాకును ముందు ఎండలో ఆరబెట్టి, తర్వాత మూసిన కొట్టాల్లో వేలాడదీస్తారు. కింద మాస్టిక్, మిర్టిల్ పొదలు, పైన్ కొమ్మలు రాజేసి, మంట లేవకుండా వారాల తరబడి పొగ పట్టిస్తారు. ఆకు నల్లబడుతుంది. మాస్టిక్ బంక కారే పొద కాబట్టి ఆ వాసన సాంబ్రాణి ధూపానికి దగ్గరగా వస్తుంది. సిరియాలో ఈ పొగ కోసం అడవులు తరిగిపోవడం అక్కడి తయారీ పడిపోవడానికి ఒక కారణం.

మన పొగాకు రైతుకు ఇది వింతే. ఒంగోలు, కొండపి వైపు ఆకు ఆరబెట్టే బ్యారన్‌లలో వేడి గొట్టాల గుండా లోపలికి పాకుతుంది, పొగ ఆకును తాకకుండానే బయటికి పోతుంది. గొట్టం కారి పొగ తగిలితే ఆ ఆకు చెడినట్టే లెక్క. ఇక్కడ లోపమైనదే లటాకియాకు గుణం. వర్జీనియా గ్రేడింగ్‌లో ఆరితేరినవాళ్లు మొదట్లో తడబడేది ఇక్కడే. వాళ్ల ముక్కు పొగ వాసన తగలగానే "తిరస్కరించు" అంటుంది. ఆ అలవాటును పక్కన పెట్టడానికి కొంత కాలం పడుతుంది.

అపోహ: పొగ వాసన ఎంత గట్టిగా ఉంటే అంత ఘాటు.

వాస్తవం: వాసన వేరు, నికోటిన్ వేరు. లటాకియాలో నికోటిన్ తక్కువే, ఎందుకంటే అది ఓరియెంటల్ జాతి ఆకు. తల తిరిగేలా చేసేది సాధారణంగా డార్క్ ఫైర్డ్ కెంటకీ. అమెరికాలోని కెంటకీ, టెన్నెసీ రాష్ట్రాల్లో గట్టి కలప నిప్పు మీద పొగబెట్టే ఆకు అది. రెండింటినీ "స్మోకీ" అనే అంటారు కాబట్టి టిన్ను మీద ఆ మాట కనిపిస్తే ఏ ఆకు పొగ అని అడగాలి.

అపోహ: దిమ్మగా నొక్కితే లోపల చెత్త ఆకు దాచేయొచ్చు.

వాస్తవం: దాచడం కుదరదు. కోసి చూసేవాడికి దిమ్మ అన్నీ చెప్పేస్తుంది. నొక్కిన పొగాకులో మూడు రకాలు ఎక్కువగా చూస్తాం. గట్టి ఇటుకలాంటిది ప్లగ్. దాన్ని పలుచని బిళ్లలుగా కోస్తే ఫ్లేక్. ముందే సన్నగా తరిగిన పొగాకును నొక్కితే క్రంబుల్ కేక్, అది వేళ్లతో నలిపితే రాలిపోతుంది.

నేను ప్లగ్‌ను పదునైన కత్తితో అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని పగటి వెలుతురులో పెడతాను. నల్లటి లటాకియా పొరలు, ఎర్ర వర్జీనియా, ఆకుపచ్చ ఛాయ ఉన్న ఓరియెంటల్ పొరలు వరుసగా కనబడాలి. మధ్యలో గుండ్రంగా, లేత రంగులో చుక్కలుంటే అవి ఈనెలు. కొన్ని పర్వాలేదు. ఎక్కువుంటే మంట చిటపటలాడుతుంది, రుచి పుల్లలా పలుచబడుతుంది. దిమ్మంతా ఒకే నలుపుగా ఉంటే వెంటనే తప్పు పట్టకూడదు, ఆవిరి పట్టించి నొక్కినా అలా అవుతుంది. ఆ తర్వాత బిళ్లను మధ్యకు వంచి చూస్తాను. పుటుక్కున విరిగితే పదును, అంటే తేమ, పోయింది. బంకలా సాగితే పదును ఎక్కువైంది.

నొక్కడానికి అసలు కారణం మరొకటి. ఒత్తిడిలో, కొద్ది వేడిలో ఉంచితే వేర్వేరు ఆకుల వాసనలు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. దిమ్మ చిక్కగా ఉండడం వల్ల మంట కూడా నిదానంగా నడుస్తుంది.

అపోహ: టిన్ను తెరిచిన వెంటనే కాల్చి చూస్తేనే నిజమైన రుచి.

వాస్తవం: టిన్నులోంచి తీసిన పైపు పొగాకు చాలావరకు కాల్చడానికి ఉండాల్సిన దానికంటే తడిగా ఉంటుంది. ఆ తడితో ముట్టిస్తే ఆవిరే నోట్లోకి వస్తుంది, నాలుక మండుతుంది. పాపం లటాకియాకు చెడ్డపేరు. నిజానికి నాలుక మండడానికి తడి, తొందర తొందరగా లాగడం, వర్జీనియాలోని చక్కెర ఎక్కువగా కారణాలు. బిళ్లను నలిపి కాగితం మీద పరిచి, చిటికెడు తీసి నొక్కి వదలండి. మెల్లగా విచ్చుకుంటే సరిపోయింది, ముద్దగా ఉండిపోతే ఇంకాసేపు ఆగాలి.

అపోహ: రెండు దమ్ములు లాగితే బ్లెండ్ సంగతి తెలిసిపోతుంది.

వాస్తవం: మొదటి మూడో వంతులో లటాకియా అన్నిటినీ కప్పేస్తుంది. అక్కడ మార్కులు వేస్తే పొగ ఎక్కువున్న ప్రతి బ్లెండూ ఒకటే అనిపిస్తుంది. మధ్య భాగంలో వర్జీనియా తీపి, ఓరియెంటల్ పులుపు పైకి రావాలి. చివరి భాగంలో చేదు, బూడిద రుచి ఎప్పుడు మొదలైందో రాసుకోవాలి. నేను మూడు భాగాలకూ విడివిడిగా రాస్తాను, కలిపి ఒక్క అంకె వేయను. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చం. నోట్లో ఆడించి, కొద్దిగా ముక్కు గుండా వదులుతాం. రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే కాబట్టి ఆ కొద్దిపాటి పొగలోనే తేడాలు దొరుకుతాయి.

అపోహ: పొగ మింగరు కాబట్టి పైపు వల్ల హాని లేదు. పైగా ఇది సహజంగా పొగబెట్టింది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. నికోటిన్ నోటి పొర గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. క్షారగుణం కొలిచే పీహెచ్ అంకె 8 దగ్గర దాదాపు సగం నికోటిన్ పొరను దాటగల విడి రూపంలో ఉంటుంది. పైపు, చుట్ట పొగలో సిగరెట్ పొగ కంటే క్షారగుణం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం పొగతాగడాన్ని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. పైపు కూడా అందులో ఉంది. పెదవి, నోరు, గొంతు, ఊపిరితిత్తులు అన్నిటికీ ముప్పే.

నోటి సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీద 1971లో ఒక అధ్యయనం వెలువడింది. 10,169 మందిని పరీక్షించి, అంగిలి మీద ఆ అలవాటు తెచ్చే మార్పులను అది నమోదు చేసింది. పైపులో నిప్పు నోట్లో ఉండదు, వేడి అంత తగలదు. కానీ పొగ ఆడేది ఆ నోట్లోనే.

ఇక సహజం అన్న మాట. కట్టెల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులోని నికోటిన్ వంటి పదార్థాలతో కలిసి నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలను తయారుచేస్తాయి. నేరుగా నిప్పు మీద పొగబెట్టిన ఆకులో ఇవి ఎక్కువగా ఉండడం అందుకే. పరీక్ష చేసే మాలాంటివాళ్లు రోజుకు కాల్చి చూసే బ్లెండ్ల సంఖ్య తగ్గించుకోవాలి, చాలావరకు పని చూపుతో, ముట్టించని ఆకు వాసనతో ముగించాలి. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది ఇదే. పొగ అలవాటు లేనివాళ్లు ఈ పని కోసం మొదలుపెట్టకండి.

అపోహ: బూడిద తెల్లగా ఉంటే మేలైన పొగాకు.

వాస్తవం: బూడిద రంగు నేలలోని ఖనిజాల మీద ఆధారపడుతుంది. నేను చూసేది రంగు కాదు, మంట. ఉప్పునీరు పారిన పొలం ఆకులో క్లోరైడ్ ఎక్కువై నిప్పు నిలవదు. మన తీర ప్రాంతాల్లో ఉప్పు బావుల కింద పొగాకు వేసిన రైతులకు ఇది బాగా తెలిసిన బాధ.

అపోహ: ఎన్నేళ్లు దాస్తే అంత రుచి.

వాస్తవం: వర్జీనియాకు చాలావరకు నిజం, అందులో చక్కెర ఉంది. లటాకియా మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి, పొగ వాసన వెనక్కి తగ్గుతుంది. కొందరికి అదే నచ్చుతుంది. పాత టిన్నులో తెల్లగా కనిపిస్తే భూతద్దం పెట్టి చూడాలి. మెరిసే పలుకులైతే పొగాకులోంచి పైకి తేలిన స్ఫటికాలు. దూదిలా నూగుగా ఉండి, ముక్కిన వాసన వస్తే బూజు. దాన్ని గీకి వాడకూడదు, మొత్తం పారేయాలి.

అపోహ: ఏ పైపు అయినా ఒకటే.

వాస్తవం: బ్రయర్ చెక్క పైపులో లటాకియా ఒకసారి కాలిస్తే ఆ వాసన లోపలి గోడకు పట్టుకుంటుంది. తర్వాత అందులో వేసిన వర్జీనియాలో కూడా పొగే తగులుతుంది. పరీక్షకు నేను తెల్ల మట్టి పైపు వాడతాను. అది తన రుచి కలపదు, మిగిలిపోయిన వాసనను నిప్పుల్లో కాల్చి తీసేయవచ్చు. త్వరగా వేడెక్కుతుంది కాబట్టి వేళ్లు కాడ మీదే ఉంచి, దమ్ముకీ దమ్ముకీ మధ్య ఆగాలి.