సుంకం పేరు చెప్పి మామిడి తోపులు కొట్టేయకండి (అపోహలు - వాస్తవాలు)

చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి కాగితాలు చూడటం నా పని. ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు, ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం). పదిహేడేళ్లుగా ఇదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసింది. అప్పటినుంచి మాత్రం ఫ్యాక్టరీ వాళ్ల కంటే రైతుల ఫోన్లే ఎక్కువైనాయి. అందరూ అడిగేది ఒకటే. "అమ్మా, అమెరికా వాడు సగానికి సగం పట్టుకుంటాడంట గదా, ఇంక తోతాపురి మామిడి ఎందుకు, చెట్లు కొట్టేసేదా?"

బంగారుపాళెం దగ్గరి ఒక పెద్దాయన ఆ మాట కూడా అడగలేదు. రంపం మిషన్ పిలిపించి, వాళ్ల నాయన నాటిన చెట్లు నలభై నేలకూల్చినాక వచ్చి కూర్చున్నాడు. ఆయన ముఖం చూసిన రోజునుంచి ఇది రాయాలని ఉంది.

అపోహ: 50 శాతం టారిఫ్ (సుంకం) అంటే మన ధరలో సగం అమెరికా పట్టుకుంటుంది.

వాస్తవం: సుంకం కట్టేది మనం కాదు. అక్కడ సరుకు దించుకునే దిగుమతిదారు వాళ్ల కస్టమ్స్‌కు కడతాడు. 50 శాతం ఉన్నప్పుడు మనం 100 డాలర్ల సరుకు పంపితే అతనికి పడేది 150. "ఆ భారం నువ్వూ కొంచెం మొయ్యి" అని బేరం పెడతాడు, అది నిజం. కానీ లెక్క చూడండి. సుంకంతో కలిపి అతనికి పాత 100కే పడాలంటే మనం దిగాల్సింది సుమారు 67కి, 50కి కాదు. అంతా మనమే మోసినా మూడో వంతే. అంతా మోయమని ఏ చట్టమూ లేదు. "సగం పోయింది కాబట్టి కాయకి సగమే" అని ర్యాంపులో (కాయ కొనే చోట) ఎవరైనా అంటే, ఆ లెక్క కాగితం మీద వేసి చూపించమనండి.

మనవాళ్లు నిజంగా కట్టాల్సొచ్చే దారి ఒకటుంది, డీడీపీ ఒప్పందం. సుంకం సహా కొనేవాడి గుమ్మం దాకా ఖర్చులన్నీ మనవే అని దానర్థం. నాకు తెలిసిన ఒక చిన్న ఎగుమతిదారు జూలైలో ఆ మాట మీద సంతకం పెట్టి, సెప్టెంబరులో కంటైనర్ ఎక్కించినాడు. ఆగస్టు 7న 25 శాతం, 27న ఇంకో 25 వచ్చి కూర్చున్నాయి. ఒక కంటైనర్‌లో 215 కిలోల డ్రమ్ములు 80, అంటే 17,200 కిలోలు. సులువుగా కిలో ఒక డాలర్ అనుకున్నా సుంకమే 8,600 డాలర్లు. ఆ కాగితం సంతకమైనాకే నా చేతికొచ్చింది. ముందే చూపించి ఉంటే ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకానే మన ఖర్చు) అని రాయించి ఉండేదాన్ని. ఇప్పటికీ బాధే.

ఇంకో మాట. 2025లో తోతాపురి ధర పడింది జూన్, జూలైలలో. అప్పటికి మన మీద అదనంగా ఉన్నది 10 శాతమే. 50 శాతం వచ్చేసరికి సీజనే అయిపోయింది. ఆగస్టులో వచ్చిన సుంకం జూన్ ధరని ఎట్లా దించుతుంది? కాపు విపరీతంగా వచ్చింది, గోడౌన్లలో ముందటేడాది డ్రమ్ములు కదల్లేదు. మన గుజ్జు ఎక్కువగా పోయే సౌదీ, యెమెన్, నెదర్లాండ్స్ దారి 2023 చివరినుంచి ఎర్ర సముద్రం దాడులతో చెడింది. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 ఇస్తాయన్నారు. టోకెన్ పట్టుకుని ట్రాక్టర్ల వరసలో రాత్రంతా నిలబడ్డ వాళ్లలో ఎంతోమందికి ఆ 8 కూడా చేతికి రాలేదు. ఆ కోపం న్యాయమైనదే, అడగాల్సింది ఇక్కడే. ట్రంప్ పేరు చెప్తే ఇక్కడ ఎవరూ జవాబు చెప్పక్కర్లేకుండా పోతుంది.

సుంకం గురించే ఇంకో అపోహ: చైనా మీద సుంకం వేసి అమెరికా తన వాణిజ్య లోటు (అమ్మేదానికంటే కొనేది ఎక్కువైన తేడా) పూడ్చుకుంది.

చైనాతో సరుకుల లోటు 2018లో సుమారు 418 బిలియన్ డాలర్లు, 2024లో సుమారు 295. తగ్గింది కదా అంటారు. ప్రపంచం మొత్తంతో దాని లోటు మాత్రం పెరిగి 1.2 ట్రిలియన్‌కి చేరింది. కొనుగోళ్లు వియత్నాం, మెక్సికోల వైపు మళ్లినాయి, అంతే. అమెరికా సంపాదన కంటే ఖర్చూ పెట్టుబడీ ఎక్కువ. చైనాలో తయారయ్యేదానికి తగ్గట్టు అక్కడి జనం కొనరు. ఈ రెండూ మారకుండా సరిహద్దులో గేటు మూస్తే సరుకు ఇంకో గేటునుంచి వస్తుంది. 2025 జూన్‌లో కర్ణాటక కాయ రాకుండా మన జిల్లాలో ఆపినారు. దాంతో గోడౌన్లలోని డ్రమ్ములు ఖాళీ అయినాయా?

అపోహ: చైనా సరుకు మానేస్తే మన లోటు పోతుంది.

2024-25లో చైనాతో మన లోటు దాదాపు 99 బిలియన్ డాలర్లు. దాంట్లో ఎక్కువ భాగం బొమ్మలూ దీపాలూ కాదు, విడిభాగాలు, యంత్రాలు, మందుల ముడిసరుకు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే అడగండి, పెట్టెల మీద ఏ దేశం పేరుంటుందో చెప్తారు.

అపోహ: వేసిన సుంకం ఇంక పోదు.

2025 నవంబరులో కాఫీ, టీ, అరటి, ఇంకా కొన్ని పండ్ల మీద 2025లో దేశదేశాలకీ వేసిన కొత్త సుంకాల్ని అమెరికానే ఎత్తేసింది, వాళ్ల జనానికే ధరలు భారమైనాయని. సంతకంతో వచ్చింది సంతకంతో పోతుంది. కొట్టేసిన చెట్టు అట్లా తిరిగి రాదు, కొత్త అంటు నాటితే కాపు నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. తోతాపురి వద్దే వద్దనుకుంటే, మొదలు ఉంచి పైన వేరే రకం అంటు కట్టించే దారుంది. ఉద్యాన శాఖ వాళ్లని అడగండి.

పెద్దాయనకి ఇంకా అరవై చెట్లున్నాయి. వాటికి కూడా మిషన్ వాడికి అడ్వాన్సు ఇచ్చేసినాడంట. "ఆ డబ్బు పోతే పోనీ నాయనా, ఈ కాపు చూసి మాట్లాడుకుందాం" అన్నాను. ఇంకా అక్కడే కూర్చున్నప్పుడే మిషన్ వాడికి ఫోన్ చేయించినాను.